వేలంత వదులు

మా మేనత్త పోయింది. పదిహేను రోజుల కిందట, ఒక మంగళవారం పొద్దున పదకొండు దాటాక, నాచారంలో తన ఇంటి ముందు గదిలో, కుట్టుమిషన్ మీద. నేనప్పుడు ఉప్పల్‌లో మా ఆఫీసు కుర్చీలో ఉన్నాను. ఫోన్‌లో మామ మాట కన్నా ముందు ఎవరో ఆడమనిషి ఏడుపు వినపడింది. తర్వాత ఆయన గొంతు: "కోడలా, మీ అత్త లేస్తలేదే. జర జల్ది రా."

ఆ రోజంతా, ఆ తర్వాత కూడా, వచ్చిన ప్రతి మనిషికీ మామ అదే చెప్పాడు. ఆయన లోపలి గదిలో పేపరు చదువుకుంటున్నాడు. ముందు గదిలో మిషన్ నడుస్తోంది. "ఇంత పొడుగు కుట్టు ఏం కుడుతుందబ్బా అనుకున్న. చీర అంచేమో అనుకున్న. పేపరు తిప్పిన. ఇంకా నడుస్తనే ఉంది." లేచి వచ్చి చూస్తే ఆమె తల మిషన్ మీద వాలి ఉంది. కాలు పెడల్ మీదే ఉంది. మోటారు మిషన్‌కి తొక్కే పని లేదు, కాలి బరువు పడితే చాలు. ఎడమచెయ్యి గుడ్డను అదిమి పట్టుకుని ఉండడంతో గుడ్డ కదల్లేదు. సూది ఒకే చోట దిగుతూ లేస్తూ, కుట్టు మీద కుట్టు పడి, చింతగింజంత దారం గడ్డ కట్టింది.

ఆ గుడ్డ నాది. స్నేహితురాలి పెళ్ళికి కట్టుకోవాల్సిన చీర మీది జాకెట్టు. బిగుతైందని అంతకు ముందు ఆదివారం నేనే ఇచ్చి వచ్చాను.

యాభై ఒక్క ఏళ్ళు. గుండె అన్నారు. "కూసున్నకాడనే పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు చూడవచ్చిన వాళ్ళు. కూర్చున్న చోటే పోవడం పుణ్యమని నాకు అనిపించలేదు. నేనూ రోజుకి తొమ్మిది గంటలు కూర్చునే మనిషినే. ఈ నాలుగు మాటలు ఆమెను తలుచుకోవడానికి రాస్తున్నాను. నా భయాన్ని పక్కన పెట్టి రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. భయం లేకుండా ఆమె గురించి రాస్తే అబద్ధం రాసినట్టుంది.

పందొమ్మిదేళ్ళకి పెళ్ళై నాచారం వచ్చింది. మామ అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పని. మా తాత పెట్టిన కాలితొక్కుడు మిషన్ ఒకటి ఆమెతో పాటు వచ్చింది. ఏడాది తిరగకుండానే గేటుకి 'లేడీస్ టైలర్' అని రేకు వేలాడింది. ఆ అక్షరాలు మామ రాసినవే, 'లే' మీద రంగు కారిపోయి ఉంటుంది ఇప్పటికీ. పిల్లలు లేరు. ఆ చోటు నాది. సెలవులు అంటే నాకు అత్త ఇల్లే. మిషన్ కింద కూర్చుని రాలిన ముక్కలు ఏరుకుంటూ, తొక్కుడు బల్ల మీద పైకీ కిందికీ ఆడే ఆమె పాదాలను చూస్తూ పెరిగాను. సన్నటి పాదాలు. మడమ వెనక నరం తాడులా తేలి కనపడేది.

మెడలో పుస్తెలతాడు, దాని మీద టేపు. స్నానానికి పోతే తప్ప రెండోది తీసేది కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది, ఒక్కటి కూడా జారేది కాదు. పనిలో ఆమెకొక నియమం ఉంది. జాకెట్టు పక్కల లోపలివైపు మూడు వరుసల కుట్లు వేసి, వాటి వెనక ఇంకా కొంత గుడ్డ వదిలేది. ఒళ్ళు పెరిగితే ఒక వరుస విప్పుకుంటే సరిపోతుంది. మంచి టైలర్లందరూ చేసేదే, కానీ ఆమె వదిలినంత ఎవరూ వదలరు. "లోపల గుడ్డ ఇడువనోడు టైలర్ గాదే, కసాయోడు" అనేది.

కాలనీలో ఆమెకు పేరు ఆ గుడ్డ వల్లే వచ్చింది. నాచారంలోనే ఉండే ఒక టీచరమ్మ, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినావిడ, అత్త దగ్గర పద్ధెనిమిదేళ్ళుగా కుట్టించుకునేది. వచ్చినప్పుడల్లా అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "నా పెళ్ళినాటి కొలతలేనండీ ఇప్పటికీ! మా అక్కచెల్లెళ్ళందరూ పీపాలైపోయారు, నేనొక్కదాన్నే ఇలా ఉన్నాను" అని మురిసిపోయేది. అత్త గుండుసూదుల మధ్య నుంచి నవ్వేది.

ఆవిడ వెళ్ళాక ఒకసారి నేను చూశాను. హుక్కు ఊడిందని టీచరమ్మ ఇచ్చిన జాకెట్టుకి అత్త హుక్కు కుట్టింది. తర్వాత దాన్ని తిరగేసి, బ్లేడుతో పక్క కుట్టు ఒక వరుస నెమ్మదిగా కోసేసింది. ఎవరూ అడగలేదు.

"అట్ల ఎందుకత్తా? చెప్పకుండ?"

"చెప్తే ఏమొస్తదే? కొత్తల ఒకామెకు చెప్పిన. అక్కా, జర ఒళ్ళు చేసినవ్ అన్న. గా అద్దం ముంగట నిలవడి బొటబొట ఏడ్సింది. మల్ల మన గడప తొక్కలే. బట్ట కుట్టేది నవ్వుకుంట ఏసుకునేందుకా, ఏడ్సేందుకా?" దారపు ముక్కలు ఊదేసి, "ఒళ్ళు దొంగ లెక్క వస్తదే కోడలా. అచ్చినంక సుట్టం లెక్క కూసుంటది. వాళ్ళకు ఎరుక గాదా? ఎరుకే. నా నోటితోని ఎందుకు?"

ఆ మాటలో దయ ఉందని అప్పుడు నాకు తోచింది. ఇప్పుడూ ఉందనే అనుకుంటున్నాను. ఆ దయే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నాకూ అదే చేసింది కాబట్టి. ఇంజనీరింగ్ అయ్యి ఉద్యోగంలో చేరిన ఈ ఐదేళ్ళలో ఎన్ని కుర్తాలు, ఎన్ని జాకెట్లు ఇచ్చానో లెక్క లేదు. "చంక కింద పట్టేస్తుందత్తా" అంటే, "గుడ్డ కుంచించుకపోయింది బిడ్డా, నువ్వు గాదు. కాటన్ అంటే అంతే" అనేది. ఎంత ఇష్టంగా నమ్మానో! ఒకసారి పాలిస్టర్ కుర్తాకి కూడా అదే మాట అంటే అదీ నమ్మాను. ఎవరింట్లో ఏ కొత్త కర్టెన్ వచ్చిందో, ఎవరి చెవులకి కమ్మలు మారాయో గేటు బయటి నుంచే కనిపెట్టేదాన్ని. నా ఒంటి మీదికి వచ్చేసరికి మాత్రం గుడ్డ మీద నెపం వేసి ఊరుకున్నాను.

తన బట్టల విషయంలో ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. టైలర్లు కొలతలు తీయకుండా కుట్టే పద్ధతి ఒకటుంది. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి బల్ల మీద పరిచి, దాని మీదే కొత్త గుడ్డ వేసి కత్తిరించడం. ఆ పాతదాన్ని ఆది జాకెట్టు అంటారు. అత్త తన ఒంటికి టేపు పెట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కిందటిసారి కుట్టుకున్నదే ఆది. దాని అంచుకి వేలు ఆనించి, వేలు మందం వదిలి చాక్‌తో గీసేది. "ఏలంత వదులుంటే పానం హాయిగుంటది." ఆ కొత్తది పాతబడ్డాక మళ్ళీ అదే ఆది. మళ్ళీ వేలంత. కాలనీ అంతటి కొలతలూ ఆమె నోట్‌బుక్కులో ఉన్నాయి. ఆమె పేజీ లేదు. ఎన్నేళ్ళయినా ఆమెకు ఒక అంకె అంటూ చెప్పే అవసరం ఎవరికీ రాలేదు, ఆమెతో సహా.

అంత తిండి తినేది కాదు, నిజంగా. నాలుక రుచికి లొంగే మనిషీ కాదు. నేను ఈ పదిహేను రోజులుగా వెతుకుతున్నాను, ఎక్కడ తప్పు జరిగిందని. దొరకడం లేదు. మొదట్లో మంచినీళ్ళకి వీధి చివర పంపు దాకా నాలుగు ట్రిప్పులు బిందె మోసేది. ఇంట్లోకి నల్లా వచ్చింది, మంచిదే కదా. కూరగాయలకి నాచారం మార్కెట్‌కి నడిచేది. బండి గేటు ముందుకే రావడం మొదలైంది, ఇంకా మంచిది. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చాయ్ ఇచ్చేది, ఒక్కళ్ళే తాగితే బాగుండదని తనూ ఒక గుక్క పోసుకునేది. రోజుకి పదిమంది వస్తే పది గుక్కలు. పొద్దున ఆర్డర్ల తొందరలో తినేది కాదు, మూడింటికి తినేది. మామ పళ్ళెంలో మిగిలింది, గిన్నె అడుగున మిగిలింది తనే ఊడ్చేది. "పారేస్తే పాపం, తింటే పుణ్యం." ఇందులో తప్పు ఏది? ఒక్కటి చూపించండి.

ఇక మోటారు. మోకాళ్ళు నొస్తున్నాయని ఆమె ఒకసారి అంటే, మామ పండక్కి చీర బదులు మోటారు తెచ్చి తన చేతుల్తో బిగించాడు. ఆ రోజు ఆమె ఎంత సంబరపడిందో నాకు గుర్తుంది. పిల్లలా పెడల్ నొక్కి, వదిలి, నొక్కి, "సూడే, కాలు ఊకె పెడితే చాలు, గుర్రం లెక్క ఉరుకుతుంది!" అంది. పదింటికి కూర్చుంటే ఇంక లేచేది అన్నానికి, చాయ్‌కి. కొన్నేళ్ళకి నేను మిషన్ కింద చూసినప్పుడు పాదం గుండ్రంగా ఉంది. మడమ వెనక తాడు లేదు.

"కూసున్నందుకే జీతమిస్తరా బిడ్డా మీ ఆఫీసుల? లేస్తే కోస్తరా?" అని నన్ను వెక్కిరించేది.

"నువ్వేం చేస్తున్నవ్ మరి?"

"నేను కూసుంటనా? కుడుతున్న!"

ఇద్దరం పడిపడి నవ్వేవాళ్ళం. నవ్వుతుంటే ఆమెకు ఆయాసం వచ్చేది. నవ్వు వల్ల అనుకునేవాళ్ళం.

మౌలాలి గుట్ట గురించి రాయాలి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు కాలనీ ఆడవాళ్ళందరూ దర్గాకి పోతే అత్త నన్నూ తీసుకుపోయింది. సగం మెట్లెక్కాక నేను కూలబడితే చంకన ఎత్తుకుని పైదాకా ఆగకుండా ఎక్కింది. ఆమె గుండె నా పొట్టకి తగులుతూ కొట్టుకోవడం నాకింకా తెలుస్తోంది, నింపాదిగా, మిషన్ నడిచినట్టు. రెండేళ్ళ కిందట మళ్ళీ పోయాం. పదో పదిహేనో మెట్లెక్కి ఒక పక్కకి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు పోయి రాండ్రి. చెప్పులు ఈడ ఇడువుండ్రి, నేను కాస్త."

చెప్పులు కాయాల్సిన పని లేదు, అక్కడ ఎవరి చెప్పులూ ఎవరూ ఎత్తుకుపోరు. నేను పైకి ఎక్కి, వెనక్కి తిరిగి చూశాను. ఐదు జతల చెప్పుల మధ్య చిన్నగా కనపడుతూ కూర్చుని ఉంది. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. పై నుంచి రైలు పట్టాలూ, చెరువూ, ఫ్యాక్టరీ రేకులూ అన్నీ చూసి ఫొటోలు తీసుకుని దిగి వచ్చాను.

ఆ తర్వాత ఆమెను బలవంతంగా దవాఖానాకి తీసుకుపోయాను. షుగర్ ఉంది, బీపీ ఉంది, బరువు తగ్గాలి అన్నారు. మాత్రలు ఇచ్చారు. కళ్ళు తిరిగిన రోజు వేసుకునేది. నేను నడక బూట్లు కొనిచ్చాను. మూడు రోజులు చెరువు పక్కన నడిచింది. నాలుగో రోజు నుంచి పెళ్ళిళ్ళ సీజను. తర్వాతి నెల నేను పోయేసరికి బూట్లు బీరువా కింద ఉన్నాయి, బూట్ల డబ్బా నిండా హుక్కులున్నాయి. "మంచి డబ్బానే, గట్టిగుంది" అంది.

మా నాన్న ఆమెకు అన్న. చెప్తాడేమోనని ఆయనకి చెప్పాను. పొట్ట మీద చెయ్యేసుకుని, "మా ఇంటి ఒళ్ళే అంత బిడ్డా. మా అమ్మ గూడ గట్లనే ఉండె" అన్నాడు. మా నాయనమ్మ ఎన్నేళ్ళు బతికిందని నేను అడిగాను. ఆయన టీవీ శబ్దం పెంచాడు.

కిందటి ఏడాదంతా నాకు అన్నీ కనపడుతూనే ఉన్నాయి. చెప్పుల పట్టీ పాదంలోకి దిగి గాడి పడడం. వేలి ఉంగరం కంసాలి దగ్గర కోయించడం. ఒకరోజు ఉప్పల్‌లో నన్ను కలవడానికి వచ్చి, రోడ్డు దాటే కాలినడక వంతెన మీద రెండుసార్లు ఆగి, రెండుసార్లూ కింద ట్రాఫిక్ చూస్తున్నట్టు నటించడం. "ఏమైందత్తా?" అంటే "గ్యాసు బిడ్డా. పొద్దున పెసరట్టు తిన్న." అన్నీ చూసి, అన్నీ గుర్తు పెట్టుకుని, నేను ఏం చేశాను? గ్యాసు మాత్ర కొనిచ్చాను.

ఆ చివరి ఆదివారం. నేను జాకెట్టు ఇచ్చాను. "మల్ల బిగుతైందత్తా. నీ గుడ్డ మల్ల కుంచించుకపోయింది."

అత్త దాన్ని తిరగేసింది. పక్కకుట్టు మీద బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరికి నడిపింది. ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు ఆ రోజు రాలేదు.  రెండో పక్క కూడా తిరగేసి చూసింది. తర్వాత నా వైపు చూసి అంది, "కోడలా, లోపల గుడ్డ అయిపోయిందే."

నేను నవ్వాను. "అయితే అతుకెయ్యి. ఎవరికి కనపడ్తది? చీర కిందనే గదా."

"ఎయ్యొచ్చు. ఏస్త." జాకెట్టు మడత పెట్టింది. "నువ్వు రోజు నడుస్తవానే?"

"నడుస్త అత్తా. మెట్రో దాంక." మెట్రో స్టేషన్ మా ఆఫీసు ముందే, పైకి ఎక్కడానికి ఎస్కలేటర్ ఉంది. ఆ సంగతి నేను చెప్పలేదు.

"నడువు బిడ్డా" అంది. "నా లెక్క గావద్దు నువ్వు." అని వెంటనే, అన్నది తుడిచేసినట్టు, "చాయ్ తాగుతవా?" అంది. తాగాను. రెండు బిస్కెట్లు కూడా తిన్నాను.

ముప్పై రెండేళ్ళ పనిలో ఆమె నోటితో నిజం విన్న రెండో ఆడమనిషిని నేనే అనుకుంటాను. మొదటామె ఏడ్చింది. నేను నవ్వాను. మంగళవారం పొద్దున ఆమె కుడుతున్నది ఆ అతుకే. సరిపోయే రంగు దొరకలేదేమో, తన జాకెట్టు గుడ్డలోంచి ఒక పట్టీ కత్తిరించి నాదానికి కలుపుతోంది. దారం గడ్డ కట్టింది సరిగ్గా ఆ రెండు గుడ్డలూ కలిసిన చోట.

ఐదో రోజున అమ్మ నాన్ననీ నన్నూ రక్తపరీక్షకి తీసుకుపోయింది. అమ్మకీ భయం పట్టుకుంది, పైకి అనలేదంతే. లోపల చిన్న గదిలో డాక్టరు నా కాగితం చూసి, "షుగర్ అంచు మీదున్నవమ్మా. ఈ వయసుల ఇది మంచిది గాదు" అన్నాడు. నాన్న అలవాటు కొద్దీ "మా ఇంటి ఒళ్ళే అంత సార్" అన్నాడు. డాక్టరు తలెత్తకుండానే, "ఇంట్ల ఒళ్ళొక్కటే రాదు పెద్దమనిషీ, కూసునేది తినేది గూడ ఇంట్లకెంచే వస్తది" అన్నాడు. నాన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంచు అంటే ఎంత దూరమో ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థమైంది పదకొండో రోజు కర్మ అయ్యాక, అత్త ఇంట్లో.

ఆ సాయంత్రం టీచరమ్మ వచ్చింది, కుట్టకుండా మిగిలిపోయిన తన గుడ్డలు తీసుకుపోవడానికి. మిషన్ మీద బెల్టు లేదు. మోటారు కూడా లేదు, మామ విప్పేసి ఎక్కడో పెట్టాడు. టీచరమ్మ గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత అంది, "అమ్మాయ్, ఆ కొలతల పుస్తకం ఉందా? నా పేజీ తీయి."

తీశాను. ఒకదాని కింద ఒకటి అంకెలు, పద్ధెనిమిదేళ్ళవి. టీచరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కింద దాకా చదివింది. "ఇన్నిసార్లు విప్పిందా మీ అత్త! నాకు ఒక్క ముక్క చెప్పలేదే..." కళ్ళు తుడుచుకుని, తనే అంది, "చెప్పుంటే ఇంకో టైలర్ని చూసుకునేదాన్నిలే." ఆ మాట అనడానికి ఆవిడకి చాలా కష్టమై ఉంటుంది.

గోడకి వేలాడుతున్న టేపు నేనే తీసి ఇచ్చాను. "నాకు పెట్టండి. గట్టిగా చదవండి."

టీచరమ్మ గుడ్డలు పక్కన పెట్టి లేచింది. టేపు నా వీపు చుట్టూ తిప్పి ముందుకి తెచ్చింది. ఆ టేపు మీద మధ్య అంకెలు అత్త బొటనవేలికి అరిగిపోయి ఉన్నాయి, వెతుక్కుని చదవాల్సి వచ్చింది. "ముప్పై ఎనిమిదమ్మా." ఇదిగో, ఇక్కడ రాశాను. ఇంటర్లో ఉన్నప్పుడు అత్త నోట్‌బుక్కులో నా పేరు కింద ముప్పై రెండు ఉంది.

టీచరమ్మ వెళ్ళాక మామ బీరువా మీంచి ఒక మూట దించాడు. పాత దిండు గలీబులో కట్టి ఉంది. అత్త ఆది జాకెట్లు. ఆది ఎవరికీ ఇయ్యొద్దని ఆమె పట్టింపు, అన్నీ దాచింది. ముక్కిపోయిన వాసన వేస్తున్నాయి. "ఎండకేద్దాం పా" అన్నాడు మామ. ఎండ దాదాపు అయిపోయింది. అయినా ఇద్దరం మిద్దె మీదికి పోయాం.

ఇరవై మూడు ఉన్నాయి. తీగ మీద వరసగా తగిలించాను. రంగు వెలిసిన తీరూ, చేతుల పొడుగూ, మెడ కత్తిరింపూ చూస్తే ఏది ముందుదో ఏది తర్వాతదో తెలిసిపోతుంది. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస కుదిరింది. మామ తీగ వెంట అటు నుంచి ఇటు నడిచి చూశాడు.

"అన్నీ ఒక్కటే లెక్కనే ఉన్నయి గదనే. నాకేం తేడా కొడ్తలేదు."

నిజమే. ఏ ఒక్కదాన్నీ దాని పక్కదానితో పోలిస్తే తేడా లేదు. నేను మొదటి క్లిప్పు తీసి ఆ జాకెట్టు ఆయన చేతిలో పెట్టాను. కుంకుమ రంగుది, చేతులకి సన్నటి జరీ. ఆయన దాన్ని రెండు అరచేతుల మీద పరిచి చూశాడు. అరచేతులు దాటి పెద్దగా బయటికి రాలేదు.

"ఇది నీదానే? చిన్నప్పటిది?"

"అత్తది మామా. మీ పెళ్ళిది."

మామ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పిట్టగోడ మీద కూర్చున్నాడు. "మోటరు నేనే బిగిచ్చిన" అన్నాడు.  మోకాళ్ళ నొప్పి చూడలేక బిగించావు మామా అన్నాను. ఆయన వినలేదు.

నేను టేపు తీసుకుని ఒక్కొక్కదాన్నే చుట్టుకొలత చూసుకుంటూ పోయాను. ముప్పై. ముప్పైకి కొంచెం మీద. ఇంకొంచెం. పదకొండోది మెరూన్ రంగుది. అది నాకు తెలుసు. నా ఓణీల ఫంక్షన్ ఫొటోలో అత్త నా పక్కన నిలబడి వేసుకున్నది అదే. ఆ ఫొటోలో అత్త ఎంత బాగుంటుందో! నిండుగా, నవ్వుతూ. ఆ రోజు ఎవరూ ఆమెను లావన్నది లేదు, "ఇప్పుడు కళొచ్చింది" అన్నారు. అప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్ళు. టేపు రెండుసార్లు పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది.

నాకు ఇరవై ఏడు.

నా సంచిలో నా జాకెట్టు ఉంది, దారం గడ్డతో సహా, ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా అందులోనే ఉంది. తీసి పదకొండోదాని పక్కన తగిలించాను. ఒకవైపు అత్త గుడ్డ పట్టీ కలిసి ఉంది, రెండోవైపు లేదు. దాని తర్వాత ఇంకా పన్నెండు ఉన్నాయి. పన్నెండోది పట్టుకుని నా జాకెట్టు మీద అంచుకి అంచు పరిచాను. మిగిలిన తేడా మీద, ఆమె చాక్‌తో గీయడానికి ముందు పెట్టినట్టే, నా చూపుడువేలు ఆనించాను. సరిగ్గా సరిపోయింది.

చెరువు వైపు నుంచి గాలి లేచింది. తీగ చివరివి ముందు నిండాయి, భుజాలు లేచి, చేతులు ఉబ్బి, తర్వాత వాటి ముందువి, వాటి ముందువి, గాలి ఒక్కొక్కదాన్నే నింపుకుంటూ నా వైపు వచ్చింది. నేను వేలు తీయలేదు.